ఒప్పుకున్నాకే చాయ్

మొన్న కార్తీకంలో మా కాలనీ వాళ్ళు వనభోజనాలని సామర్లకోట అవతల ఒక మామిడితోటకి తీసుకెళ్ళారు. నాకు మోకాళ్ళ నొప్పులు, బస్సెక్కడం ఒక బాధ, దిగడం ఇంకో బాధ. రానంటే వినలేదు. తీరా వెళ్ళాక నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేసి, పెద్దవారు మీరు కూర్చోండి అని, ఇక నన్ను మరిచిపోయారు. ఆ ఏర్పాటు నాకూ బాగానే ఉంది. వంటవాళ్ళు గాడిపొయ్యి మీంచి అన్నం గుండిగ దించి గంజి వార్చారు. ఇద్దరు మనుషులు ఆ గంజిని బకెట్లలో పట్టుకుని, ఇంకా పొగలు కక్కుతుండగానే, పక్కనున్న మామిడిచెట్టు మొదట్లోకి నడిచారు.

"ఆగండి, పొయ్యకండి" అని కేకేశాను. నా గొంతులో అంత బలం మిగిలి ఉందని నాకే తెలీదు. అందరూ తిరిగి చూశారు.

"చెట్టుకి మంచిదేనండీ, గంజి బలం కదా" అన్నాడు బకెట్టు పట్టుకున్నాయన.

"బలమే. చల్లారాక పొయ్యండి. ఇప్పుడు దింపెయ్యండి" అన్నాను.

ముసలాయన చాదస్తం అనుకుని బకెట్లు అక్కడే దింపేసి పోయారు. నేను కుర్చీ వాటి దగ్గరికి జరుపుకుని కాపలా కూర్చున్నాను. అంతకు వారం ముందే లింగన్న ఫోన్ చేశాడు. దోహాలో నాకు తెలిసిన జగిత్యాల మనిషి, ఇంకా అక్కడే ఉన్నాడు. "మాస్టర్‌సాబు పోయిండు అన్నా" అన్నాడు. ఎలా అని అడిగాను, చెప్పాడు, విన్నాను. ఆ వారమంతా కూరగాయలు తెచ్చుకున్నాను, మందులేసుకున్నాను, నిద్రపోయాను. గంజి ఆవిరి మొహానికి తగిలాక ఏడుపొచ్చింది. కండువాతో తుడుచుకుంటే పొగ అనుకున్నారు.

తొంభైల్లో నేను దోహాలో మున్సిపాలిటీ వాళ్ళ పార్కుల విభాగంలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఫరీజ్ బిన్ మహమూద్‌లో మరో నలుగురితో కలిసి ఒక ఫ్లాటులో ఉండేవాణ్ణి. పొద్దున్నే ఆఫీసుకి పోయి ట్రేసింగ్ కాగితం మీద దారులు, బెంచీలు, నీళ్ళ పైపులు గియ్యడం, సాయంత్రం మెడ పట్టేసి రావడం, ఇదీ డ్యూటీ. మాస్టారు అదే ఆఫీసులో వరండా చివరి గదిలో కూర్చునేవారు. నిజామాబాద్ ముస్లిం. ఊళ్ళో ఉన్నప్పుడు బడిలో డ్రిల్లు మాస్టారు. ఇక్కడ ఆయన తలుపు మీద ఇంగ్లీషులో పెద్ద హోదా రాసి ఉండేది, వినోద కార్యక్రమాల సమన్వయకర్త అని అర్థం వచ్చేలా. చేసే పని మాత్రం తగవులు తీర్చడం. శుక్రవారం పచ్చిక మాకు కావాలంటే మాకు కావాలని మలయాళీ సంఘం, పాకిస్తానీ సంఘం, మన తెలుగు సంఘం, ఇంకా ఎవరెవరో ఆయన బల్ల చుట్టూ చేరేవాళ్ళు. ఒకరికి వాలీబాల్ నెట్టు ఉంటే ఇంకొకరికి చాపలుండేవి, ఇంకొకరికి మైకుండేది. ఎవరిది వాళ్ళు పట్టుకుని వేరేవాళ్ళని ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు.

బాగున్నారా మాస్టారూ అని ఎవరు అడిగినా ఆయన జవాబు ఒకటే. "అలసిపోయిన, గని బాగున్న." పొద్దున్న ఏడింటికి అడిగినా అదే. అప్పుడే సెలవు నుంచి వచ్చిన రోజు అడిగినా అదే. మొదట్లో తమాషాకి అంటున్నారనుకున్నాను. తరవాత గమనించాను, మనిషి నిజంగానే అలసి ఉండేవారు. మాట్లాడే ముందు కళ్ళద్దాలు తీసి, ముక్కు మీది గుంటల్ని రెండు వేళ్ళతో నొక్కుకునేవారు. కుర్చీలో కూర్చునే ముందు దాన్ని కాసేపు చూసేవారు, ఇది నన్ను మోస్తుందా అన్నట్టు. మెళ్ళో నల్ల తాడుకి ఒక ఈల వేలాడేది, బడినాటిది. గోల మరీ ఎక్కువైతే ఆ ఈల తీసి పెదాల దాకా తెచ్చేవారు. అంతే, ఊదేవారు కాదు. గది నిశ్శబ్దం అయిపోయేది. ఒకసారి చేతులు కడుక్కోవడానికి పోతూ దాన్ని బల్లమీద పెడితే చూశాను, పక్కన నిలువునా పగిలి ఉంది. ఊదినా మోగదు.

"ఎవ్వరికి చెప్పకు తమ్మీ" అన్నారు నవ్వి. "దీని మీదనే నా నౌకరీ నడుస్తున్నది."

ఆయన మీటింగులు ఆఫీసులో పెట్టేవారు కాదు. మెసైమీర్ వైపు మాకొక పెద్ద పార్కుండేది. ముందువైపంతా పచ్చిక, ఉయ్యాలలు. వెనక గోడ వైపు ఒక పల్లం, పడిన నాలుగు చినుకులూ చేరే చోటు. అక్కడ ఎవరూ నాటకుండా మొలిచిన చెట్లుండేవి, కొన్ని తుమ్మలు, కొన్ని సిద్ర్‌లు. సిద్ర్ అంటే మన రేగుకి దగ్గర చుట్టం. అవే ముళ్ళు, అవే చిన్న పళ్ళు, కాకపోతే చెట్టు పెద్దది. వాటిలో గోడ పక్కనున్న పెద్ద సిద్ర్ కింద, మేం రేగుచెట్టనే అనేవాళ్ళం, ఆయన చాపలేసి సంఘాల వాళ్ళని కూర్చోబెట్టేవారు. సెప్టెంబరు ఎండల్లో, శుక్రవారం పొద్దున్న, జుమ్మా నమాజుకి పోయే లోపల.

మొదలైనప్పుడు నీడ విశాలంగా ఉండేది. ఒక్కో సంఘం ఒక్కో చాప మీద, మధ్యలో దూరం వదిలి కూర్చునేవి. ఎండ ఎక్కేకొద్దీ నీడ ముడుచుకుపోయేది. "జరుగుండ్రి, జర జరుగుండ్రి" అనేవారు మాస్టారు, ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి. అందరూ జరిగేవాళ్ళు. కాసేపటికి మళ్ళీ. పదిన్నర దాటేసరికి దెబ్బలాడుకునే వాళ్ళ మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతుండేవి. మోకాలికి మోకాలు తగిలాక మనిషి గట్టిగా అరవలేడు. ఇదంతా ఆయన లెక్క ప్రకారమే జరిగేదని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఇంకొక పద్ధతి ఉండేది. ఆయన వెనకాల ఎప్పుడూ ఒక పెద్ద స్టీలు ఫ్లాస్కు. ఇంట్లో స్వయంగా కాచి తెచ్చేవారు, యాలకులు వేసి. మూత తియ్యకపోయినా వాసన వస్తుండేది. ఎవరైనా గొంతారిపోయి దానివైపు చూస్తే, "ఒప్పుకున్నంకనే చాయ్" అనేవారు. తెలుగు సంఘం అధ్యక్షుడు రావుగారని ఒక కాంట్రాక్టరుండేవారు, భీమవరం మనిషి, ఎవరికీ తగ్గే రకం కాదు. ఆయన ఒకసారి విసుక్కుని, "ఏవిటండీ మాస్టారూ, టీ కోసం మమ్మల్ని ఆరాటపెడతారా, మా ఇంట్లో లేదా టీ?" అన్నారు. "ఉంటది సార్. ఆడ మీరొక్కరే తాగాలె" అన్నారు మాస్టారు, అదే అలసట గొంతుతో. రావుగారు కాసేపు ముఖం మాడ్చుకున్నారు గాని, ఆ వేళ పాకిస్తానీ వాళ్ళకి మైకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

అసలు ఆయన పెట్టుకున్న పని ఇది కాదు. ఆ పార్కు గేటు దగ్గర శుక్రవారం కుటుంబాలకే అని బోర్డుండేది. కంపెనీ క్యాంపుల్లో ఉండే ఒంటరి మగవాళ్ళని కాపలావాడు లోపలికి రానిచ్చేవాడు కాదు. వాళ్ళకి వారానికి ఉన్న సెలవు ఆ ఒక్క రోజే. ఎండలో గోడ బయట ఫుట్‌పాత్ మీద కూర్చుని, లోపల పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వింటుండేవాళ్ళు. లింగన్న అలా గోడ బయట కూర్చున్నవాళ్ళలో ఒకడు. ఊళ్ళో వాళ్ళ అమ్మ దృష్టిలో అతనున్నది దుబాయి, అక్కడ ఉండేది భోగం.

మాస్టారు ముదీర్ దగ్గరికి తిరిగి తిరిగి ఒక ఏర్పాటు సాధించారు. ముదీర్ అంటే మా విభాగం పెద్ద, ఖతారీ ఆయన, చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ఆ చలికాలం శుక్రవారం పొద్దుటి పూట క్యాంపుల వాళ్ళు లోపలికొచ్చి ఆడుకోవచ్చు, సాయంత్రం కుటుంబాలు. నెట్టు, చాపలు, మైకు అందరికీ ఉమ్మడి. దానికి బదులు, ఎవరు ఆడుకుంటే వాళ్ళు పోయే ముందు పల్లంలో చెట్లకి నీళ్ళు పొయ్యాలి, చెత్త ఏరాలి. "ఆడినోళ్ళే నీళ్ళు పొయ్యాలె" అని ప్రతి మీటింగులో చెప్పేవారు. చలికాలం అయ్యేలోపు చెట్లకి ఏ నష్టం జరక్కపోతే ఆ ఏర్పాటు శాశ్వతం చేస్తానని ముదీర్ మాటిచ్చాడు. జరిగితే రద్దు.

చెట్ల సంగతి ఎందుకొచ్చిందో నాకు బాగా తెలుసు, ఆ పార్కు కొత్త ప్లాను నా బోర్డు మీదే ఉంది. పల్లాన్ని మట్టితో పూడ్చి కార్లు పెట్టుకునే చోటు చెయ్యాలని ఒక ఆలోచన నడుస్తోంది. తేలని సంగతులు మేం పెన్సిల్‌తో గీసేవాళ్ళం, తేలినవి ఇంకుతో. ఆ చెట్లు పెన్సిల్‌లో ఉన్నాయి. మాస్టారు దాదాపు రోజూ నా వెనక వచ్చి నిలబడేవారు. భుజం మీంచి వంగి చూసి, చెట్లు ఇంకా ఉన్నాయని రూఢి చేసుకుని, మాట్లాడకుండా పోయేవారు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఏమైనా కావాలా మాస్టారూ?"

"ఏం లేదు తమ్మీ. రబ్బరు యాడ పెట్టుకుంటవో చూస్తున్న" అన్నారు.

ఆ చలికాలం నేను చూసినంతలో ఆ పార్కుకి మంచికాలం. పొద్దున్న క్యాంపు వాళ్ళు వాలీబాల్ ఆడేవాళ్ళు. లింగన్న జట్టుకి మలయాళీ సంఘం నెట్టు, వాళ్ళ పోటీకి తెలుగు సంఘం మైకు. పోయేముందు కుళాయి నుంచి పల్లం దాకా వరసగా నిలబడి బకెట్లు చేతులు మార్చుకునేవాళ్ళు. ఏ భాషవాడు ఏ భాషవాడికి అందిస్తున్నాడో ఎవరూ చూసేవాళ్ళు కాదు. మాస్టారు ఆ వరస పక్కన తిరుగుతూ, పచ్చిక మీద అడుగు పడకుండా ఇటుక అంచు మీదే నడుస్తూ, "యల్లా, యల్లా" అని అరబ్బీలో తొందరపెడుతుండేవారు. ఆ రోజుల్లో కూడా బాగున్నారా అంటే జవాబు మారలేదు గాని, 'బాగున్న' అన్న మాట కాస్త ఒత్తి పలికేవారు.

కార్తీకం వచ్చింది. రావుగారు వనభోజనాలన్నారు. మీటింగులో మాస్టారు ముందే చెప్పారు, చెట్ల దగ్గరికి నిప్పు రాకూడదని. వంట దూరంగా గోడ వార ఇసుకలో చేసుకొమ్మని చోటు కూడా చూపించారు. మనవాళ్ళు ఆ మాట అక్షరాలా పాటించారు. అబద్ధమెందుకు, గాడిపొయ్యి ఆయన చూపించిన చోటే తవ్వారు, ఒక్క నిప్పురవ్వ ఇటు రాలేదు. ఉసిరిచెట్టు లేని వనభోజనం ఏమిటని ఆడవాళ్ళు బాధపడితే, ఎవరో ఇంట్లోంచి ఉసిరికాయ పచ్చడి జాడీ తెచ్చి రేగుచెట్టు మొదట్లో పెట్టారు. పసుపు, కుంకుమ పెట్టి దానికే దణ్ణం పెట్టుకున్నాం. మాస్టారు దూరం నుంచి చూసి, తలూపి, జాడీ మూత గట్టిగా ఉందా అని మాత్రం అడిగారు.

ఆ రోజు అన్నం వండింది రమణమ్మ. కడప జిల్లా మనిషి. ఐన్ ఖాలిద్‌లో ఒక అరబ్బు ఇంట్లో వంటకి కుదిరింది. నెలలో ఎప్పుడో గాని సెలవివ్వరు, ఆ శుక్రవారం రావుగారి భార్య వాళ్ళని బతిమాలి తీసుకొచ్చారు. ఆమె నలుగురైదుగురు మగవాళ్ళ పని ఒక్కతే చేసింది. గుండిగ తరవాత గుండిగ వార్చింది. నేను అటువైపు చాపలు పరిచే పనిలో ఉన్నాను, వంట వైపు చూడలేదు. మధ్యాహ్నం మాస్టారు భోజనానికొచ్చారు. పులిహోర రెండోసారి వడ్డించుకున్నారు. చెట్టు పాదంతా నిండుగా తడిసి ఉండటం చూసి, "మంచిగ పోసిండ్రు నీళ్ళు. మీరు ఆటకు ముందే పోసిండ్రు" అని మెచ్చుకున్నారు. మన సంఘానికి ఆయన మెప్పు అదే మొదలు. రావుగారు ఆ సాయంత్రమంతా అదే చెప్పుకున్నారు.

కొన్నాళ్ళకి చెట్టు ఆకు పండబారింది. తరవాత రాలింది. ఒక వైపు కొమ్మలు గలగలా ఎండిపోయాయి. మొదట్లో బెరడు నల్లబడి, వేలితో నొక్కితే ఊడొస్తోంది. చుట్టూ మిగతా చెట్లు పచ్చగానే ఉన్నాయి. మీటింగులో ఒకరినొకరు అనుకోవడం మొదలైంది. ఏదో నూనె పోశారని ఒకరు, సబ్బు నీళ్ళని ఒకరు. నీడ సగం పోవడంతో ఆ వేళ చాలామంది ఎండలోనే కూర్చున్నారు. ఎండలో ఉన్నవాళ్ళు గట్టిగా అరిచారు. మాస్టారు ఈల పెదాల దాకా తెచ్చారు. ఎవరూ ఆగలేదు.

ఆ తరవాత రమణమ్మకి సెలవు దొరికింది. నేరుగా పార్కుకే వచ్చింది. మాస్టారూ, నేనూ చెట్టు దగ్గర ఉన్నాం. ఆమె చెట్టుని చూసి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సార్, నేను పోస్తి సార్ దీనికి. నీళ్ళు పొయ్యల్ల అని మీరు చెప్తిరంట. వొట్టి నీళ్ళేముంది, గంజి అయితే సత్తువ గదా అని గుండిగల్లో గంజి అంతా దీని పాదులోనే పోస్తి. ఆడ మా ఇంటి కాడ గూడా పోస్తాం సార్."

"ఆడ చల్లారినంక పోస్తవమ్మా" అన్నారు మాస్టారు.

"ఔ సార్. ఆ పొద్దు పనిలో తెలీలా. వేడిదే పోస్తి." ఆమె అక్కడే కూలబడింది. "మా మేడమ్‌కి తెలిస్తే నన్ను యాడికీ పంపదు సార్. ఈ రెండు గంటల సెలవు గూడా పోతాది."

మాస్టారు కళ్ళద్దాలు తీసి ముక్కు నొక్కుకున్నారు. ఆయన కష్టపడి నిలబెట్టిందంతా ఆ నల్లబడ్డ బెరడులో కనిపిస్తోందని నాకు తెలుసు. కోపం వస్తుందనుకున్నాను. కోపానికి కూడా కాస్త సత్తువ కావాలి, ఆయనలో అది లేనట్టనిపించింది.

"లే చెల్లె" అన్నారు చివరికి. "అన్నం పెట్టినట్టే పెట్టినవు దానికి. ఎవ్వరికి చెప్పకు. నేను చూస్కుంట."

ముదీర్ చూడటానికి వచ్చిన రోజు ప్లాను చుట్టచుట్టి పట్టుకుని నేనూ వెంట ఉన్నాను. ఆయన ఎండిన కొమ్మని పట్టుకు విరిచి, ఎవరు చేశారని అడిగాడు. మాస్టారు అరబ్బీలో చెప్పారు. నీళ్ళు పొయ్యమని అందరికీ చెప్పింది నేనే, ఎట్లాంటి నీళ్ళో చెప్పలేదు, పొరపాటు నాది అని. పోసిందెవరని ముదీర్ మళ్ళీ అడిగాడు. మాస్టారు అదే జవాబు మళ్ళీ చెప్పారు. మూడోసారి అడగబోయి ముదీర్ మానేశాడు. చెట్టు వైపు చూస్తూ, వాళ్ళ అమ్మ ఈ ఆకు నూరి తలకి రుద్దేదని చెప్పాడు. తరవాత తన నిర్ణయం చెప్పాడు. చెట్లూ, జనమూ రెండూ కుదరవు. చెట్లు ఉంచాలంటే పల్లం చుట్టూ కంచె వేసి పొద్దుటి ఆటలు ఆపెయ్యాలి, శుక్రవారం మళ్ళీ కుటుంబాలకే. ఆటలు ఉంచాలంటే పల్లం పూడ్చి కార్లకిచ్చెయ్యాలి, అప్పుడు పాడయ్యేందుకు ఏమీ ఉండదు. ఏది కావాలో నువ్వే చెప్పు అన్నాడు.

ఆఫీసుకి తిరిగొచ్చేటప్పుడు కారులో మాస్టారు ఒక్క మాటే అన్నారు. "నేనెట్ల చెప్త తమ్మీ. నాది కాదు గద."

ఆ శుక్రవారం మీటింగు పెట్టారు, అదే చెట్టు కింద. ఈసారి జరగడానికి నీడ లేదు. చాపలు ఎక్కడ వేసినవి అక్కడే ఉన్నాయి. మాస్టారు రెండు దారులూ చెప్పి, ఇంక మీ ఇష్టం అన్నారు. కుటుంబాల వాళ్ళకి ఏది జరిగినా నష్టం లేదు, అందుకే వాళ్ళు తలలు దించుకున్నారు. రావుగారు కూడా నోరు విప్పలేదు, ఆయన్ని అలా చూడటం అదే మొదటిసారి.

చివర కూర్చున్న లింగన్న లేచాడు. "చెట్లనే ఉంచుండ్రి సార్. మాకేంది, గోడ అవుతల కూసునుడు అలవాటే. గీ రాళ్ళు రౌతుల దేశంల గింత పచ్చగున్నది మల్ల తెమ్మంటే ఎవడు తెస్తడు?" క్యాంపు వాళ్ళంతా తలలూపారు. మలయాళీ ఆయన తలూపాడు. ఒకరి తరవాత ఒకరు అందరూ ఊపారు. అంత త్వరగా అందరూ ఒక్క మాట మీదికి వచ్చిన మీటింగు ఇంకొకటి లేదు.

నేను ఫ్లాస్కు వైపు చూశాను. వాసన వస్తూనే ఉంది. మాస్టారు దాన్ని ముట్టుకోలేదు.

"ఒప్పుకున్నాం కదా మాస్టారూ" అన్నారు రావుగారు నెమ్మదిగా.

"ఇది ఒప్పుకునుడు కాదు సార్. ఉన్నోళ్ళు ఊకున్నరు, లేనోళ్ళు ఇడిసిపెట్టుకున్నరు. దీనికి చాయ్ లేదు." ఆ మాట కూడా అలసటగానే అన్నారు. ఫ్లాస్కు చంకలో పెట్టుకుని ఇటుక అంచు మీద నడుచుకుంటూ గేటు దాకా పోయారు. ఆ వెనక నుంచి చూస్తే ఆయన ఎంత ముసలివారైపోయారో తెలిసింది.

మర్నాడు ముదీర్‌కి చెట్లే కావాలని చెప్పారు. నేను ఇంకు పెన్నుతో పల్లంలో చెట్లు గీశాను, చుట్టూ కంచె గీశాను. మాస్టారు వచ్చి భుజం మీంచి వంగి చూశారు. తడి ఆరేదాకా నిలబడ్డారు.

"చెట్లు పక్కా అయినయి" అన్నారు. కంచె గీత మీద వేలు పెట్టి, "మనుషులను గీస్తరా తమ్మీ ఇందుల?"

"ప్లానులో మనుషుల్ని గియ్యం మాస్టారూ."

"ఔ" అని వరండా వెంట వెళ్ళిపోయారు. తరవాత నా వెనక వచ్చి నిలబడటం మానేశారు. శుక్రవారాలు మాత్రం పార్కు లోపలికి కాకుండా బయట ఫుట్‌పాత్ మీద, లింగన్న వాళ్ళ మధ్య కనిపించేవారు. ఎండకి తలమీద రుమాలు, మెళ్ళో ఈల. ఫ్లాస్కు ఉండేది కాదు. రెండేళ్ళకి ఉద్యోగం మానేసి నిజామాబాద్ పోయారు. వీడ్కోలుకి వెళ్ళినప్పుడు బాగున్నారా అంటే, "అలసిపోయిన" అన్నారు. రెండో ముక్క కోసం నేను కాసేపు నిలబడ్డాను. రాలేదు.

మొన్న ఫోన్‌లో, చావు కబురు చెప్పి, లింగన్న పెట్టెయ్యలేదు. "అన్నా, నీకు ఒకటి చెప్పాలె. ఆ రేగుచెట్టు ఉన్నది గద, మొదట్ల కెల్లి మల్ల ఇగిరిచ్చింది. కాలిన దిక్కు పెరగలె, గోడ దిక్కు పెరిగింది. ఇప్పుడు గోడ దాటి ఇవుతల రోడ్డు మీదికి వచ్చింది. ఫుట్‌పాత్ నిండ నీడ. మనోళ్ళు బస్సుకు దాని కిందనే నిలబడ్తరు. శుక్రవారం నేపాలోళ్ళు, బంగ్లాదేశోళ్ళు, మనోళ్ళు అందరు ఆడనే కూసుంటరు. గేటు లేదు, ఆపేటోడు లేడు."

"మాస్టారికి తెలుసా ఈ సంగతి?"

"నేనే చెప్పిన అన్నా. పోయిన ఎండకాలం ఊరికి పోయినప్పుడు నిజామాబాద్ పోయి కలిసిన. మంచంల ఉన్నడు. మాట సరిగ్గ వస్తలేదు. నీడల ఎంతమంది పడ్తరు, జరిగి కూసుంటున్నరా అని అడిగిండు. ఔ సార్, మోకాళ్ళు తాకుతున్నయి అన్న. జరసేపు కండ్లు మూసుకున్నడు. తర్వాత కోడలిని పిలిచి ఏం చెప్పిండో తెలుసా అన్నా?"

"ఏం చెప్పారు?"

"వీనికి చాయ్ పొయ్యమ్మా అన్నడు."

తోటలో గంజి మీద చెయ్యి పెట్టి చూశాను. ఇంకా గోరువెచ్చగా ఉంది. ఇంకాసేపు కూర్చున్నాను.